ముందు ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కో

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయావు. డీఎస్సీలో వచ్చిన ఉద్యోగం, కోసిగి దగ్గర బడి, ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు, గోడకి స్మార్ట్ టీవీ, బీరువాలో రెండు ట్యాబులు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఆ ఊరి అబ్బాయి ఇంకో పది ట్యాబులు కొనిస్తానన్నాడనీ, వాటిలో ఏ యాప్‌లు వేసుకోవాలో జాబితా పంపమనీ అడిగావు. "రేపు పంపుతాలే" అన్నాను. ఆ రేపటికి పది రోజులు దాటాయి. జాబితా రాయడం రెండు నిమిషాల పని. కానీ అది పంపితే నువ్వు దాన్నే నమ్ముకుంటావని భయం. అందుకే కాగితం, పెన్ను పట్టుకున్నాను. మీ అమ్మ నీ దగ్గరికి వస్తానంది, ఆమె చేతికిచ్చి పంపుతాను.

నేను 1989లో చేరాను, ఈ ఏడాది దిగిపోయాను. ఈ 36 ఏళ్ళలో బళ్ళోకి రకరకాల డబ్బాలు రావడం, పోవడం చూశాను. నిజానికి నేను టీచర్ని కాకముందే ఒకటి చూశాను. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి నేరుగా టీవీ కార్యక్రమాలు ఇచ్చారు. సైట్ అనేవారు దాన్ని. కర్నూలు జిల్లాలో ఎంచుకున్న ఊళ్ళలో మాదీ ఒకటి. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం ఊరందరికీ. నాకు పన్నెండేళ్ళు. ఆ పాఠాల్లో ఏం చెప్పారని నన్నిప్పుడు అడిగితే ఒక్క ముక్క చెప్పలేను. గుర్తున్నదల్లా బడి మిద్దె మీద కోళ్ళగూటి జాలీలాంటి పెద్ద గొడుగు, దాని మీద వాలే కాకులు. ఏడాది తిరిగాక ఉపగ్రహాన్ని పక్కకి తిప్పేశారు. మా సారు ఆ డబ్బా మీద హాజరుపట్టీలు పెట్టుకునేవాడు.

తర్వాత నేను టీచరయ్యాక రేడియో. మధ్యాహ్నం ఆకాశవాణిలో "విందాం నేర్చుకుందాం" వచ్చేది. రేడియో అంటే నవ్వుతావేమో గానీ, నేను చూసినవాటిలో పిల్లల్ని ఎక్కువగా కదిలించింది అదే. అందులో పాట వస్తే వీళ్ళూ పాడాలి, చప్పట్లు కొట్టమంటే కొట్టాలి, ప్రశ్న అడిగి ఆగితే జవాబు అరవాలి. సెల్లులు అయిపోతే ఆ రోజుకి అంతే.

ఆ తర్వాత కంప్యూటర్. నేను అప్పట్లో పనిచేసిన బళ్ళో ఒక గది ఖాళీ చేయించి, కిటికీకి కమ్మీలు పెట్టించి, దాని మీద గుడ్డ కప్పి తాళం వేశాం. పాడైతే సంజాయిషీ ఇచ్చుకోవాలని భయం. ఆయుధపూజకి దానికి కుంకుమబొట్టు పెట్టాం, పూలదండ వేశాం. పిల్లల్ని మాత్రం వేలు పెట్టనివ్వలేదు. రెండేళ్ళకి తెరిచి చూస్తే వెనకాల తీగలు ఎలుకలు కొరికేశాయి. ఆ తప్పులో నాకూ వాటా ఉంది, తాళంచెవి కొన్నాళ్ళు నా కొంగుకే ఉండేది.

కాబట్టి నీ బళ్ళో మొట్టమొదట ఏ యాప్ గురించీ ఆలోచించకు. ఆ టీవీ ఉన్న గది తాళంచెవి, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటాయో కనుక్కో. మీ హెడ్మాస్టరు సెలవు పెట్టిన రోజు ఆ తలుపు తెరుచుకుంటుందా? తెరుచుకోకపోతే ముందు ఆయన్ని మెల్లగా ఒప్పించు. "పగిలితే నాదీ పూచీ, రిజిస్టర్లో రాసి తీసుకుంటాను సార్" అను. కొత్తగా వచ్చిన పిల్ల అట్లా అంటే పెద్దవాళ్ళు కాదనరు.

మొదటి వారం టీవీ వెయ్యనే వెయ్యకు. చుట్టూ చూడు. ప్లగ్గుకి ఎర్త్ ఉందో లేదో కరెంటు పని తెలిసినవాడి చేత చూపించు. చెప్పుల్లేని కాళ్ళతో పిల్లలు తిరిగే చోటు అది. ఎండ ఏ వేళకి తెర మీద పడుతుందో గమనించు. మా బళ్ళో పడమటి కిటికీ వల్ల మధ్యాహ్నం తర్వాత తెర మీద మా మొహాలే కనిపించేవి. అన్నం వండే ఆయమ్మ నాలుగు గోనెసంచులు కుట్టి తెర చేసిచ్చింది. కరెంటు ఏ వేళల్లో పోతుందో సబ్‌స్టేషన్లో అడుగు. సిగ్నలు ఏ మూల అందుతుందో చూసుకో, కానీ నెట్ మీద ఆధారపడే పాఠం ఎప్పుడూ పెట్టుకోకు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తుంటే తెర మీద ఆ గుండ్రని సున్నా తిరుగుతూ ఉండటం కన్నా నామర్దా ఇంకోటి లేదు. కావలసింది ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో. మా టీవీ కొన్ని పెన్‌డ్రైవ్‌లను గుర్తుపట్టేది కాదు, ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే దారికొచ్చింది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, మూడు నిమిషాల వీడియోకి ఆ బాధ లేదు.

ఇక అసలు మాట. ఈ యంత్రాలన్నిటినీ మనం నోరుగా వాడతాం. అది మాట్లాడుతుంది, పిల్లలు వింటారు. మన బళ్ళో నోళ్ళకేం తక్కువ? నాదొకటి, నీదొకటి, గోడవతల ఇంకో టీచరుది. లేనిది చెవి. ముప్పైమంది పిల్లల్లో ఒక్కొక్కరూ చదువుతుంటే చివరిదాకా వినే ఓపిక, తీరిక ఉన్న చెవి. నీ చేతిలో ఉన్న ఫోన్‌ని అందుకు వాడు. అందులో రికార్డర్ ముందే ఉంటుంది. నెట్ అక్కర్లేదు, రీచార్జ్ అక్కర్లేదు.

ఎట్లా చేయాలో చెప్తాను. రోజుకి ఐదుగురు పిల్లలు. ఒక్కొక్కర్ని బయట వేపచెట్టు కిందికి పిలువు, గదిలో అయితే గోల. పుస్తకంలో ఒక పేరా, నిమిషంసేపు. మొదటి రోజు పాఠం వద్దు, ఏదైనా పాట పాడించి వినిపించు, బెరుకు పోతుంది. తర్వాత చదివించి, ఆ పిల్లకే వినిపించు. ఏమీ అనకు. ఇప్పుడు ఒకసారి, జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి అదే పేరా చదివించు. ఫైలుకి పేరు పెట్టకు, రోల్ నంబరూ నెలా చాలు.

మా మూడో తరగతిలో ఒకడుండేవాడు. గడగడా చదివేవాడు. వేలు ఒక చోట, నోరు ఇంకో చోట. రెండేళ్ళు వాణ్ణి చూసి చదువొచ్చిందనే అనుకున్నాను. రికార్డు చేస్తే తెలిసింది, పాఠం మొత్తం కంఠతా పట్టాడు. మధ్యలోంచి చదవమంటే ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగిపోయాడు. ఒత్తుల గురించి వాడికి నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. రికార్డు విన్నాక వాడే తలెత్తి "మేడం, 'అక్క' అనల్యా నేను, 'అక' అంటి" అన్నాడు. నవ్వాడు. ఇంకోసారి చేద్దామన్నాడు. ఆ వారమంతా వాడు నన్ను వదల్లేదు. నేను వందసార్లు దిద్దినా చెవికెక్కనిది వాడి గొంతు వాడికి వినిపిస్తే ఎక్కింది.

మన పాఠ్యపుస్తకాల్లో 2020 నుంచీ ఒకవైపు తెలుగు, ఎదురుపేజీలో ఇంగ్లీషు ఉంటున్నాయి కదా. ఆ రెండు పేజీలూ చదివించి రికార్డు చేయి. తెలుగులో తడబడే పిల్ల ఇంగ్లీషు పేజీ దగ్గర ఊరికే పెదాలు కదుపుతుంది. ఏ పిల్లకి ఏ పేజీ దగ్గర గొంతు తగ్గిపోతుందో విను. నిమిషానికి ఎన్ని పదాలని పైనుంచి లెక్క అడుగుతారు, ఆ లెక్క ఇవ్వు. నువ్వు మాత్రం ఎక్కడ ఆగారో చూసుకో.

మెగా పేరెంట్ టీచర్ మీటింగు మొదటిసారి పెట్టిన రోజు, 2024 డిసెంబరు 7న, నేను ప్రోగ్రెస్ కార్డులు పక్కన పెట్టి ఈ రికార్డులు వినిపించాను. జులైది ఒకటి, నవంబరుది ఒకటి. ఒక తల్లి, సంతకం కూడా రాని మనిషి, కార్డు తలకిందులుగా పట్టుకుని నిలబడింది. కూతురి గొంతు రెండుసార్లు విని "అప్పుడు తట్టుకుంటా ఉన్న్యాది, ఇప్పుడు నీళ్ళు తాగినట్ల చదువుతాంది" అంది. మార్కులు ఆమెకి అర్థం కావు. చెవికి మాత్రం ఏ బడికీ పోనక్కర్లేదు. ఆ ఒక్క ఏడాది మా బళ్ళో మీటింగుకి వచ్చినవాళ్ళు టీ తాగి వెంటనే వెళ్ళిపోలేదు.

గూగుల్ వాళ్ళ రీడ్ అలాంగ్ కూడా వాడాను. పిల్ల గట్టిగా చదువుతుంటే దియా అనే బొమ్మ వింటూ, తప్పిన పదం దగ్గర ఆపి పలికి చూపిస్తుంది. తెలుగులో కథలున్నాయి, ఒకసారి దింపుకుంటే నెట్ లేకున్నా నడిచింది. మంచిదే. కానీ పక్కన ఇంకో తరగతి ఎక్కాలు చెప్తుంటే దానికి ఏదీ వినబడదు, సరిగ్గా చదివిన పిల్లకి కూడా తప్పంటుంది. పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. అప్పుడు "దాని చెవులకి మైనం పట్టింది, నువ్వు సరిగ్గానే చదివావు" అని నువ్వు చెప్పాలి. అట్లా చెప్పే మనిషి పక్కన లేకపోతే ఆ యాప్ వద్దు.

నీకు నవ్వొచ్చే ఇంకో పని. ఫోన్లో తెలుగులో చెప్తే రాసేది ఉంది కదా, మైకు బొమ్మ నొక్కి. ఐదో తరగతి పిల్లల చేత వాళ్ళ మాటల్లోనే చెప్పించు, "మేము పొద్దుగాల శేనుకాడికి పోతిమి" అని. అది రాసింది టీవీలో పెద్దగా చూపించి, యంత్రం చేసిన తప్పులు పట్టుకోమను. ళ రాయాల్సిన చోట ల రాస్తుంది, శ స ష లను కలగాపులగం చేస్తుంది, మన సీమ మాటల్ని ఏవేవో చేస్తుంది. మా పిల్లలు ఎర్రపెన్ను ఇవ్వమని కొట్టుకునేవాళ్ళు. ఎప్పుడూ తమ తప్పులే దిద్దించుకునే పిల్లలకి ఒకరి తప్పు దిద్దే అవకాశం ఎంత రుచిగా ఉంటుందో చూడు. మన మాట తప్పు, పుస్తకం మాట ఒప్పు అనే పాఠం చెప్పకు సుమా. "మనం ఇంట్లో ఇట్లా అంటాం, పుస్తకంలో ఇట్లా ఉంటుంది" అను, చాలు.

టీవీ సంగతి. ఒక రోజు వేస్తే ఐదు నిమిషాలకి మించొద్దు, అది కూడా మధ్యలో ఆపుతూ. నేను కనిపెట్టిన చిట్కా ఏంటంటే, రిమోట్‌లో అన్నిటికన్నా పనికొచ్చే మీట శబ్దం ఆపేది. బొమ్మ కదులుతూంటుంది, కథ పిల్లలు చెప్పాలి. రెండోసారి శబ్దంతో వేసి సరిచూసుకోవాలి. వాన ఎట్లా కురుస్తుందనే వీడియోకి మా ఒకటో తరగతి పిల్ల ఒకతె "సముద్రం చెమట పట్టి పైకి పోతాంది" అంది. ఆ వీడియోలో గొంతు చెప్పినదాని కన్నా ఇది మేలు. పాటలకి కింద అక్షరాలు పడే వీడియోలు ఎంచుకో. పాట నోటికి వచ్చిన పిల్లకి కళ్ళు వాటంతట అవే అక్షరాల మీదికి పోతాయి.

స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్ళది, 2015 నుంచీ ఉంది. తెలుగులో కథలు స్థాయిలవారీగా ఉంటాయి, డబ్బు కట్టనక్కర్లేదు, దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. టీవీలో ఒక్కో పేజీ పెడితే గోడంత పుస్తకం. పిల్లలందరికీ ఒకే పుస్తకం కనబడడమే ఒక గొప్ప, మనకు చిన్నప్పుడు టీచరు తిప్పి చూపిస్తే ముందు వరుస తప్ప ఎవరికీ కనబడేది కాదు. పాఠ్యపుస్తకాల మీద ఉండే క్యూఆర్ కోడ్‌లు కూడా వాడుకో, కానీ ముందు ఇంట్లో చూసుకో. కొన్ని బాగుంటాయి. కొన్నింటిలో ఒకాయన నిలబడి పాఠం చదువుతుంటాడు, దానికి మనం చాలమా?

చెవి అయింది, ఇక కన్ను. కెమెరా అంటే ఫొటోలకే అనుకోకు. బొంగరం తిప్పించి స్లో మోషన్లో తియ్యి, పడబోయే ముందు అది ఎట్లా తూలుతుందో పిల్లలు గంటసేపు మాట్లాడతారు. చీమని దగ్గర్నుంచి తియ్యి. వేరుశెనగ విత్తనం తడిగుడ్డలో పెట్టి, సుద్దముక్కతో గీసిన గుర్తులోనే ఫోన్ నిలబెట్టి, రోజూ ప్రార్థన అవగానే ఒక ఫొటో. పది రోజుల ఫొటోలు వరసగా తిప్పితే మొలక లేచి నిలబడుతుంది. ఫొటో తీసే పని వంతులవారీగా పిల్లలదే. మా దగ్గర ఆదివారం ఫొటో లేదని ఒక పిల్ల వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని గోడ దూకి వచ్చింది. విత్తనం ఆ గదిలో ఉంది, తాళంచెవి నా దగ్గరుంది. చూశావా, మళ్ళీ తాళంచెవి.

పటాలు నేర్పేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఆకాశంలోంచి తీసిన మన ఊరి బొమ్మ గూగుల్‌లో కనబడుతుంది కదా, దాన్ని ముందే చూపించకు. ముందు బడి ముంగిట్లో ముగ్గుపిండితో ఊరు గీయించు. బడి, గుడి, మసీదు, వాగు, ట్యాంకు, ఎవరిల్లు ఎక్కడ. అడుగులు వేసి కొలిపించు. రెండు రోజులు కొట్లాడుకోనీ. తర్వాత టీవీలో పై నుంచి తీసినది పెట్టు. "మేడం, వాగు అట్ల తిరగల్యా, ఇట్ల తిరిగింది" అని అరుస్తారు. అక్కణ్ణించి మెల్లగా పైకి జరుపు, తుంగభద్ర కనబడేదాకా, ఆ తర్వాత కృష్ణలో కలిసేదాకా. ముగ్గు వేయకుండా చూపిస్తే అది ఇంకో సినిమా.

లెక్కలకి కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ అని ఉంది, పిల్లలు కదిపి చూసే బొమ్మలు, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. భిన్నాలకి బాగుంటుంది. ముందు జొన్నరొట్టె తుంచి పంచు, తర్వాత అది.

ఇప్పుడు ఆ పది ట్యాబుల మాట. వద్దని చెప్పను, మంచి మనసుతో ఇస్తున్నాడు. కానీ నువ్వు ఇంకోటి అడుగు. పెరూ దేశంలో పల్లెబడుల పిల్లలకి ఒక్కొక్కరికి ఒక్కో లాప్‌టాప్ పంచారు. 319 బడుల్ని పరిశీలించి పదిహేను నెలల తర్వాత చూస్తే, లెక్కల్లోనూ భాషలోనూ తేడా కనబడలేదు. మన వడోదరలో మున్సిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలకి వారానికి రెండే గంటలు, ఇద్దరికి ఒక కంప్యూటరు ఇచ్చి, ఎవరికి ఎంతవరకు వచ్చో అక్కణ్ణించి మొదలయ్యే లెక్కల ఆటలు ఆడించారు. లెక్కలు బాగా మెరుగుపడ్డాయి. 2019లో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఆ పని చూసినవాళ్ళలో ఉన్నారు. తలకొకటి కన్నా ఇద్దరికొకటి మేలని నేను మా బళ్ళోనే చూశాను. ఒకరు చెప్పాలి, ఒకరు నొక్కాలి. చెప్పేవాళ్ళు తాకకూడదు. అప్పుడు నోరు విప్పక తప్పదు. ఆడపిల్ల, మగపిల్లవాడు జంటైతే మొదట ఆడపిల్ల నొక్కాలని రూలు పెట్టు, లేకపోతే వాడి చేతిలోంచి అది జారదు.

అందుకని నాలుగు ట్యాబులు చాలు. మిగిలిన డబ్బుకి ఒక ఇన్వర్టర్ బ్యాటరీ, ఒక మంచి స్పీకరు, తాళంవేసి చార్జింగు పెట్టుకునే చెక్కపెట్టె అడుగు. టీవీ స్పీకరు వెనక వరుసకి వినబడదు. దాతలకి ఫొటోలో బ్యాటరీ కన్నా ట్యాబే బాగా పడుతుంది, అది నిజమే. అయినా అడుగు. ఉన్న రెండు ట్యాబులతో నీ రెండు గదుల్లో ఐదు తరగతుల చిక్కు కొంత తీరుతుంది. నువ్వు ఒకటీ రెండూ తరగతులకి అక్షరాలు చెప్తున్నప్పుడు నాలుగో తరగతి పిల్లలు నలుగురు వరండాలో ఇరవై నిమిషాలు లెక్కల ఆట. ఇరవై దాటితే కొట్లాట మొదలవుతుంది.

మీ మండలంలో ఇప్పుడు నాకు అన్నిటికన్నా గుర్తొచ్చేది సుగ్గి, కూలికి వలస పోయే కాలం. దీపావళి వెళ్ళింది. ఇక ఇళ్ళకి తాళాలు పడతాయి. పత్తి ఏరడానికి, తర్వాత మిరపకాయలు కొయ్యడానికి గుంటూరు వైపు లారీలు ఎక్కుతారు. అవ్వ దగ్గర వదిలితే పిల్ల బడికొస్తుంది, లేకపోతే తల్లిదండ్రులతో పాటు పోతుంది. మళ్ళీ ఉగాది నాటికి వస్తే చదివినదంతా మరిచిపోయి ఉంటుంది. హాజరుపట్టీలో వరసగా గైర్హాజరు గుర్తులు పెట్టుకుంటూ ఎన్నేళ్ళు కూర్చున్నానో.

చివరి మూడేళ్ళు ఒక పని చేశాను. పోయే ముందే వాళ్ళ నాన్న నంబరు తీసుకునేదాన్ని. రాత్రి ఎనిమిదింటికి, కల్లంలో అన్నాలు తినే వేళకి, ఒక్క నిమిషం వాయిస్ మెసేజ్. ఒక చిన్న కథ ముక్క, చివర ఒక ప్రశ్న. "రేపు జవాబు చెప్పు" అని. వీడియో పంపేదాన్ని కాదు, అక్కడ సిగ్నలు అంతంతమాత్రం, డేటా వాళ్ళ కూలిడబ్బు. పిల్ల జవాబు మాటల్లోనే పంపేది. కొందరు మూడు రోజులకోసారి పంపేవాళ్ళు, కొందరు అసలు పంపలేదు. ఎనిమిదిమందిలో ఐదుగురు పంపేవాళ్ళు. ఒకతె జవాబుకి బదులు మిరపతోటలో కోసేవాళ్ళ పాట పంపింది. మర్నాడు ఆ పాట మా తరగతిలో వేశాను. ఊళ్ళో ఉన్న పిల్లలు దానికి తిరిగి జవాబు పంపారు. ఆ పిల్ల ఉగాదికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడిపోలేదు, నేరుగా వచ్చి తన చోట్లో కూర్చుంది. దీనికి ఏ ట్యాబూ అక్కర్లేదు. నీ బళ్ళో ఈ వారంలోనే నంబర్లు రాసిపెట్టుకో, ఆలస్యమైతే లారీ ఎక్కేస్తారు.

పోతే, ఫోన్ వల్ల తలనొప్పులు. హాజరు ఫొటో, గుడ్డు ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, ఇవన్నీ నీ ప్రాణం తీస్తాయి. సర్వరు పనిచెయ్యదు, ఫోన్ వేడెక్కుతుంది. తొమ్మిదిన్నర లోపల ఒకసారి, భోజనం వేళ ఒకసారి కూర్చుని ముగించు. పాఠం మధ్యలో మాత్రం ఆ పని పెట్టుకోకు. నువ్వు ఫోన్ తీసిన ప్రతిసారీ పిల్లలు చూస్తుంటారు. "ఇప్పుడు మీ గుడ్ల లెక్క పంపుతున్నా" అని పైకి చెప్పు. చెప్పకపోతే మేడం రీల్స్ చూస్తాందని సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. నాకు ఆ పేరు ఒకసారి వచ్చింది, పోవడానికి ఏడాది పట్టింది.

పిల్లల ఫొటోలు నీ స్టేటస్‌లో పెట్టకు. దాతకి పంపాలంటే వెనక నుంచి తీసినవి పంపు. 2023 డేటా చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కగడుతుంది, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలంటుంది. చట్టం సంగతి అటుంచు, ముక్కు కారుతున్న నీ ఫొటో మీ మేష్టారు నలుగురికీ పంచి ఉంటే నీకెట్లా ఉండేది? రికార్డింగులు కూడా బయటికి పోనివ్వకు, ఏడాది చివర తల్లిదండ్రులకి వినిపించి తీసేయి.

ఈ మధ్య వచ్చిన ఏఐ చాట్‌లు నీ పనికి వాడుకో. ఒక పాఠానికి పది ప్రశ్నలు కావాలి, నాలుగో తరగతి స్థాయిలో ఒక లెక్క కావాలి, ఇట్లాంటి వాటికి. తెలుగు చదివి దిద్దుకో, పొడిపొడి తెలుగు రాస్తుంది. లేనిది ఉన్నట్టు కూడా చెప్తుంది, అదీ నిండు నమ్మకంతో. నేను మన జిల్లా వాగుల గురించి అడిగితే ఎక్కడా లేని వాగు ఒకటి పుట్టించింది. ఈ వయసు పిల్లల చేతికి నేరుగా ఇవ్వకు.

మీ తోటి టీచరుతో, అదే మీ హెడ్మాస్టరుతో, జాగ్రత్త. ఆయన ఇరవై ఏళ్ళుగా అక్కడున్నాడు. నువ్వు టీవీ వేస్తే పిల్లలంతా నీ గదికి పరిగెత్తుతారు, ఆయన గది బోసిపోతుంది. మొదటి నెల ఏది చేసినా ఆయన్ని కూడా కలుపుకో. ఆయనకి పాత కథలు, సామెతలు వచ్చని చెప్పావు కదా, ఆయన గొంతే రికార్డు చేసి పిల్లలకి వినిపించు. దాంతో తాళంచెవి గొడవ కూడా తీరుతుంది.

యాప్‌ల జాబితా మీ అమ్మ చేతికి వేరే చిన్న కాగితం మీద ఇచ్చాను, నాలుగే రాశాను. వేరుశెనగలు కూడా పంపుతున్నాను, విత్తనానికి పది తీసి పక్కన పెట్టి తిను. నీ మొదటి ఐదుగురు పిల్లల రికార్డింగులు నాకు పంపాలని నీకు చెయ్యి దురద పెడుతుంది, తెలుసు. పంపకు, పిల్లల గొంతు బయటికి పోకూడదని ఇప్పుడే రాశాను కదా. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ ఫోన్లోనే వినిపించు. మీ పెదనాన్నకి చెవుడు ఎక్కువైంది, నీకు బళ్ళోకి అడిగిన స్పీకరు వస్తే అదీ పట్టుకురా.

మీ పెద్దమ్మ